నడిమి వరుస

తలుపు మీద అంటించిన కాగితంలో రెండే వాక్యాలున్నాయి. కేబుల్ పనిలో జరిగిన పొరపాట్ల వల్ల యంత్రం సరిగా నడవడం లేదని ఒకటి. మళ్ళీ చెప్పేదాకా కేబుల్ జట్టు లోపలికి రాకూడదని రెండోది. కింద డైరెక్టరు సంతకం. నాలుగు మూలలా టేపు, అదీ వంకరగా. నాలుగు టేపు ముక్కలు తిన్నగా అంటించడం చేతకాని వాళ్ళు నా పనికి వంక పెట్టారన్నమాట.

ఆ గదిలో ఏడువందల అరవై ఎనిమిది కేబుళ్ళున్నాయి. ప్రతి ఒక్కటీ మా ఆరుగురు ఆడవాళ్ళ చేతుల మీదుగా వెళ్ళిందే. పదహారేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఒక చోటికి వెళ్ళాల్సిన కేబులు ఇంకో చోటికి వెళ్ళడం నా జట్టులో ఇంతవరకూ జరగలేదు. గొప్ప చెప్పుకోవడం కాదు, మా పద్ధతి అలాంటిది. ఈ చివర నేను పట్టుకుంటే ఆ చివర పొడుగమ్మ పట్టుకుంటుంది. ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరికీ గుర్తు లేదు; పై అరలు నిచ్చెన లేకుండా అందుకుంటుంది కాబట్టి పొడుగమ్మ. నేను మెల్లగా రెండుసార్లు లాగుతాను. చేతిలో కదిలిన కేబులు నెంబరు ఆవిడ పైకి చదవాలి. తర్వాత ఆవిడ లాగుతుంది, నేను చదువుతాను. రెండూ ఒకటైతేనే రెండు చివరలా ట్యాగు కట్టి, ఇద్దరం పొట్టి సంతకాలు పెడతాం. దీన్ని మావాళ్ళు పలికించడం అంటారు. పలకని కేబులుకి ట్యాగు కట్టం. నడుము పట్టేసినా, ఇంటికి పొద్దుపోయినా, పైవాళ్ళు తొందరపెట్టినా కట్టం.

అలాంటి మాకు ఆ కాగితం.

యంత్రం అని పిలుస్తారు గానీ నిజానికి అది ఒకటి కాదు. రెండువందల యాభై ఆరు కంప్యూటర్లు కలిసి ఒకే లెక్క చేస్తాయి. వాన ఎక్కడ పడుతుంది, ఏ వాగు ఎప్పుడు పొంగుతుంది అనే లెక్క. మ్యాపుని అన్ని ముక్కలుగా చేసి తలా ఒకటి పంచుతారు. ఒక్కో కంప్యూటరు తన ముక్క సంగతి చూసుకుని, తేలిన జవాబు ఇంకో కంప్యూటరుకి చెప్పాలి. ఆ మాటల్ని మోసేవి మా కేబుళ్ళు. ఏ మాట ఎటు తిరగాలో చూసేవి స్విచ్ పెట్టెలు. ఒక్కో పెట్టెకి ఇటు పదహారు రంధ్రాలు, అటు పదహారు. మాటలు బయల్దేరే వైపు పదహారు పెట్టెల వరుస, చేరే వైపు ఇంకో పదహారు పెట్టెల వరుస. ఈ రెంటికీ మధ్యలో ఖాళీ ఇనప చట్రాలు ఒక వరుస, రేకు మూతలు బిగించి ఉంటాయి. అవెందుకని అప్పట్లో నేను అడగలేదు. నా బుద్ధి గడ్డి తిని అడగలేదు.

పరీక్షలన్నిటిలో యంత్రం చక్కగా పాసైంది. అందరూ చప్పట్లు కొట్టారు, మమ్మల్ని తప్ప అందరినీ నిలబెట్టి ఫొటో తీశారు. అసలు పని అప్పజెప్పిన రోజు మాత్రం, అరగంటలో రావాల్సిన వాన లెక్క మూడు గంటలకి వచ్చింది. మర్నాడూ అంతే. ఇంకో రెండు గంటల్లో వాగు పొంగుతుందన్న కబురు మూడు గంటల తర్వాత చెప్పే యంత్రం ఎవరికి కావాలి?

డైరెక్టరు కుర్చీలోంచి లేవకుండానే జబ్బు కనిపెట్టేశాడు. కేబుళ్ళు అటూ ఇటూ అయ్యుంటాయన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఊపక ఏం చేస్తారు, ఆ గదిలో కుర్చీ లేకుండా పనిచేసేది మేమే కదా.

మా కాంట్రాక్టరు ఒక కాగితం పట్టుకొచ్చాడు. పొరపాటు కేబుల్ జట్టుదేనని అందులో ఉంది. గురువారం తర్వాతి గురువారం పెద్ద మీటింగు, ఆలోగా నేను సంతకం పెట్టాలి. ఒక్క సంతకంతో వాళ్ళు చల్లబడతారట, మనం మళ్ళీ కేబుళ్ళు వేసిస్తే గొడవ సద్దుమణుగుతుందట. ఆయనకి తెలియనిది కాదు, నాకు తెలియనిదీ కాదు: అలా సంతకం పెట్టిన జట్టుని ఇంకే మెషిన్ రూముకీ పిలవరు. ఈ ఊళ్ళో ఉన్నవే నాలుగు మెషిన్ రూములు, నాలుగింటి వాళ్ళూ ఒకే క్యాంటీన్‌లో కాఫీ తాగుతారు. మా ఆరుగురిలో నలుగురి ఇళ్ళు ఈ పని మీదే నడుస్తాయి.

ఏ కేబులు తప్పో చూపించమన్నాను. ఏదో ఒకటి ఉండే ఉంటుంది కదమ్మా అన్నాడు కాంట్రాక్టరు. ఆ మాటకి నా ఒళ్ళు మండిపోయింది. ఏదో ఒకటి ఉంటుందని సంతకం పెట్టేదాన్నయితే పదహారేళ్ళు నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ ఎందుకు పలికించాను?

రెండు రోజులు టైమివ్వండి, అన్నీ మళ్ళీ పలికిస్తాం అన్నాను. పక్కన సెక్యూరిటీ మనిషిని కాపలా పెట్టి మరీ ఒప్పుకున్నారు. నేల పలకలు ఎత్తి, కింద పాకి, ఏడువందల అరవై ఎనిమిదీ లాగి చదివాం. మోకాళ్ళు చితికిపోయాయి. మాలో చిన్నావిడకి దుమ్ము పడక రెండు రోజులూ ఒకటే తుమ్ములు. ఒక్క తప్పు కూడా దొరకలేదు. ఆ మాట చెబుదామని వెళ్తే డైరెక్టరు నవ్వాడు.

"చెక్ చేస్తున్నామంటూ సరిచేసేసుకుని ఉంటారు" అన్నాడు.

"సరిచేసుంటే యంత్రం బాగుపడాలి కదా సార్?"

"అన్నీ సరిచేసి ఉండరు."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. చూడకపోతే తప్పు చేసినట్టు, చూస్తే తప్పు దాచినట్టు. ఇలాంటి మనిషికి ఏం చెప్పినా గోడకి చెప్పుకున్నట్టే. మర్నాడు పొద్దున్న తలుపు మీద ఆ కాగితం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ యంత్రంలో ఏ పెట్టె ఎక్కడుండాలో, ఏ కేబులు ఎటు వెళ్ళాలో బొమ్మ గీసింది మా మరిది. మా ఆయన తమ్ముడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి వాడికి పదకొండేళ్ళు, తల్లి లేదు. బూట్ల లేసు ముడి నేనే నేర్పాను, ఎక్కాలు నేనే అప్పజెప్పించుకున్నాను. ఇప్పుడు డిజైనర్లందరి మీదా హెడ్డు. మా చుట్టరికం ఆఫీసులో ఎవరికీ తెలియదు. మరిది సాయంతో పని తెచ్చుకుందని నన్ను అనకూడదని నేనే ఆ షరతు పెట్టాను. అక్కడ వాడు నన్ను మేడం అంటాడు, నేను వాణ్ణి సార్ అంటాను. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తిని, గిన్నెలు తనే కడిగి వెళ్తాడు.

రెండు ఆదివారాలుగా రావడం లేదు. ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని మెసేజి పెడుతున్నాడు. పాపం, మా తరఫున పైవాళ్ళతో పోట్లాడుతున్నాడేమో అనుకున్నాను. నా పిచ్చి కాకపోతే.

కాగితం అంటించిన రోజు మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాను. చేతులకి పని లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది. వంటింటి అరల్లో ఉన్న ప్లేట్లన్నీ దించి, తుడవడం మొదలుపెట్టాను. మా అరల్లో పరిచేవి పాత డ్రాయింగులే. కాగితం మందంగా ఉంటుంది, నూనె మరకలు కిందికి దిగవు. మూడో అరలో ప్లేట్ల కింద ఉన్న కాగితాన్ని దులిపి చూస్తే, అది ఈ యంత్రానిదే. పని మొదలవక ముందు ఇచ్చిన మొదటి డ్రాయింగు. అందులో పెట్టెలు మూడు వరుసలున్నాయి. బయల్దేరే వరుస, చేరే వరుస, మధ్యలో నడిమి వరుస. మూలన నా చేతిరాతే: మొత్తం వెయ్యిన్నీ ఇరవై నాలుగు.

అప్పుడు గుర్తొచ్చింది. నెల తిరక్కముందే కొత్త డ్రాయింగు ఇచ్చారు, పాతది పారేయమన్నారు. నేను పారేయకుండా ప్లేట్ల కింద వేశాను. కొత్తది ఇంకా నా పని సంచీలోనే ఉంది. తీసి పక్కన పెట్టి చూశాను. నడిమి వరుస తీసేయడమైనది అని మూలన ఒక గడిలో రాసుంది. పక్కన పొట్టి సంతకం. ఆ సంతకం నాకు తెలుసు, వాడి చేత మొదటిసారి దాన్ని పెట్టించింది నేనే.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. ఆయన స్కూలు బస్సు తోలుతాడు. రెండు కాగితాలూ చూపించి, ఇందులో తేడా ఏమిటో నాకర్థం కావడం లేదన్నాను. నాకు మాత్రం ఏం తెలుస్తుందని గొణుక్కుంటూనే కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఒక్కో పెట్టెనీ ఒక వీధి అనుకొమ్మన్నాడు. ఈ వీధి నుంచి ఆ వీధికి ఎన్ని దారులున్నాయని అడిగాడు. లెక్కపెట్టాను. ఒక్కో బయల్దేరే పెట్టె నుంచి పదహారు కేబుళ్ళు వెళ్తాయి, చేరే వైపున్న పదహారు పెట్టెలకీ తలా ఒకటి. అంటే ఏ వీధి నుంచి ఏ వీధికైనా ఒక్కటే దారి. అయితే మీ పదహారు మందీ తలో వీధికి పోతే హాయిగా పోతారు, అందరూ ఒకే వీధికి పోవాలంటే ఆ సందు మొదట్లోనే హారన్లు కొట్టుకుంటూ నిలబడతారు అన్నాడు. రోజూ స్కూలు ముందు నిలబడే మనిషి కాబట్టి ఇంకేం లెక్క వెయ్యలేదు.

వాన లెక్కలో ఎవరు ఎవరితో మాట్లాడాలి? ఈ ముక్కలో పడ్డ వాన పక్క ముక్కలోకే కదా పారేది. పక్కవాళ్ళు పక్కవాళ్ళతోనే మాట్లాడాలి. మ్యాపుని పట్టీలు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని ఒక్కో పెట్టె కింద ఉన్న పదహారు కంప్యూటర్లకి పంచారు. ఈ పట్టీలో పదహారు మందీ పక్క పట్టీలో పదహారు మందికి చెప్పాలి. దారి ఒక్కటే. ఆ ఒక్క కేబులూ నేను నా చేత్తో వేసి, పలికించి, సంతకం పెట్టాను. అది ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్తోంది. దాని మీదికి పదహారు మందిని ఎక్కించిన వాళ్ళని అడిగేవాళ్ళు లేరు.

ఆదివారం మీ అన్నయ్యకి ఒంట్లో బాగాలేదని అబద్ధమాడి మరిదిని రప్పించాను. వచ్చి చూస్తే అన్నయ్య దిట్టంగా కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. వాడికి విషయం అర్థమైపోయినట్టుంది, చెప్పులు విప్పడానికే చాలాసేపు తీసుకున్నాడు.

భోజనాల బల్ల మీద ఇటు నాలుగు అగ్గిపెట్టెలు, అటు నాలుగు అగ్గిపెట్టెలు పెట్టాను. ఒక్కో పెట్టె దగ్గర నాలుగేసి చొక్కా బొత్తాలు. ఎర్రదారం ఉండ వాడి చేతిలో పెట్టి, పరీక్షలు ఎలా చేశావో చూపించమన్నాను. తల వంచుకునే చూపించాడు. ఒక్కో బొత్తానికీ లాటరీ తీసినట్టు కళ్ళు మూసుకుని అటు వైపు ఒక బొత్తాన్ని ఏరి, దారం లాగాడు. దారాలు బల్లంతా చక్కగా పరుచుకున్నాయి. ఎక్కడో ఒకచోట రెండు కలిశాయి, అంతే. ఇలా లక్షసార్లు చేశాడట. ఏ ఒక్కసారీ ఇరుకు కాలేదు కాబట్టి నడిమి వరుస దండగని తేల్చి, తీసేశాడట. ఈ చదువుకున్నవాళ్ళకి మాత్రమే ఇలాంటి పొరపాటు చేతనవుతుంది. లక్ష లాటరీలు తీశాడు గానీ, పక్కింటివాడితో మాట్లాడి చూడాలని ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఇప్పుడు వాన లెక్క చెయ్యి" అన్నాను.

వాడు దారం ముట్టుకోలేదు. నేనే తీసుకుని, మొదటి పెట్టెలో నాలుగు బొత్తాలనీ పక్క పెట్టెలో నాలుగు బొత్తాలకి కలిపాను. నాలుగు దారాలూ రెండు అగ్గిపెట్టెల మధ్య ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మిగిలిన బల్లంతా ఖాళీ. ఇక్కడ నాలుగు, అక్కడ పదహారు అన్నాను.

"తెలుసు వదినా."

మా ఆయన పేపరు దించాడు.

"ఎప్పట్నించి?" అన్నాను.

"పది రోజులైంది."

"పది రోజుల్లో రెండు రోజులు నేను నేల పలకల కింద పాకుతున్నాను. నీ అద్దాల గదిలోంచి కనిపించలేదా?"

"కనిపించావు" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినా బాగుండేది. పదకొండేళ్ళప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి, ఎవరూ అడక్కముందే నా దగ్గరికొచ్చి చెప్పిన పిల్లవాడు వీడేనా అనిపించింది. ఎదురుగా ఉన్న అగ్గిపెట్టెలన్నీ ఒక్క తోపు తోశాను. బొత్తాలు గదంతా దొర్లాయి.

అప్పుడు చెప్పుకొచ్చాడు. నడిమి వరుస తీసేసినందుకే వాడిని హెడ్డుని చేశారట. పెట్టెలు తగ్గాయి, చోటు తగ్గింది, కరెంటు తగ్గిందని డైరెక్టరు పెద్ద సభలో వీడి పేరు చదివి మరీ మెచ్చుకున్నాడట. ఇప్పుడు అదే తప్పంటే ఇద్దరి పరువూ పోతుంది. ముక్కలు పంచే వరుస కలగాపులగం చేసి చూశాడట. వాన లెక్క కాస్త తేలికపడింది గానీ ఇంకో లెక్క ఇరుక్కుందట. నడిమి వరుస పెడితే పదహారు మందీ పదహారు సందుల్లోంచి తిరిగొచ్చి పక్క వీధిలో కలుసుకుంటారు, ఒక్క అడుగు దూరం ఎక్కువ, ఆగడమంటూ ఉండదు. వేరే మందు లేదని వాడికీ తెలుసు. రెండు నెలలు ఓపిక పడితే, విస్తరణ పనుల పేరుతో ఎవరికీ తెలియకుండా పెట్టించేస్తానన్నాడు. ఈలోగా నేను ఆ సంతకం పెడితే, తర్వాత తనే ఎక్కడైనా పని చూస్తానన్నాడు. నాకొక్కదానికి.

పొడుగమ్మకి చూస్తావా, తుమ్ములావిడకి చూస్తావా అని అడిగాను.

రెండు డ్రాయింగులూ తెచ్చి బల్ల మీద పరిచాను. "గురువారం మీటింగులో నువ్వు చెప్పు. నువ్వు చెప్పకపోతే ఇవి చెబుతాయి. ఇవి చెబితే నా జట్టు నాకు మిగులుతుంది. నువ్వు చెబితే మరిది కూడా మిగులుతాడు."

వాడు నేల మీద కూర్చుని బొత్తాలు ఏరాడు. ముప్పై రెండూ లెక్కపెట్టి డబ్బాలో వేసి వెళ్ళిపోయాడు. అన్నం తినలేదు. ఆ పూట మా ఆయన కూడా సరిగా తినలేదు. తమ్ముణ్ణి అంత మాట అనాల్సింది కాదేమో అని ఒకసారి అన్నాడు. నేను చూసిన చూపుకి మళ్ళీ అనలేదు.

గురువారం మీటింగు హాల్లో అందరికీ చక్రాల కుర్చీలున్నాయి. నాకోసం బయటి నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు, అది మిగతావాటికంటే జానెడు కిందికి ఉంది. గడ్డం దగ్గరికొచ్చిన బల్ల మీద కాంట్రాక్టరు సంతకం కాగితం పెట్టి, పైన పెన్ను కూడా పెట్టాడు. నా ఒళ్ళో సంచీ ఉంది. జిప్పు సగం తీసి ఉంచాను.

డైరెక్టరు పావుగంట మాట్లాడాడు. నాణ్యత, క్రమశిక్షణ, కింది స్థాయిలో నిర్లక్ష్యం. కింది స్థాయి అన్నప్పుడల్లా కళ్ళు నా కుర్చీ వైపు వచ్చాయి. తర్వాత సాంకేతిక నివేదిక చదవమని మా మరిదికి చెప్పాడు. వాడు లేచాడు. చేతిలో కాగితం ఉంది.

"స్థానిక ట్రాఫిక్ సరళిలో, రెండంచెల నిర్మాణానికి ఉన్న పరిమితుల దృష్ట్యా, అవరోధాల స్థాయి ముందస్తు అంచనాలకు భిన్నంగా నమోదైంది" అని చదివాడు.

నాకు ముక్క అర్థం కాలేదు. గదిలో సగంమందికి కూడా అర్థమైనట్టు లేదు. డైరెక్టరు మాత్రం తృప్తిగా తలూపి, అంటే కేబుళ్ళ దగ్గరే అవరోధం ఉందన్నమాట అన్నాడు. మినిట్స్ రాసే అమ్మాయి అలాగే రాసుకుంది. పెన్ను మూత తీసి నా చేతికందించాడు కాంట్రాక్టరు. మా మరిది చెప్పాననిపించుకున్నాడు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. సంచీలో చెయ్యి పెట్టాను. కాగితం అంచు వేళ్ళకి తగిలింది కూడా.

ఎందుకో ఆగి, మా మరిది వైపు తిరిగాను. "సార్, నాకర్థమయ్యేలా ఒకసారి చెప్పండి" అన్నాను.

వాడు నావైపు చూశాడు. చేతిలో కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"వదినా, నీ కేబుళ్ళలో తప్పు లేదు. అన్నీ నేను గీసినట్టే ఉన్నాయి. నేను గీసిందే తప్పు. నడిమి వరుస తీసేసింది నేను, పరీక్ష సరిగా చేయనిది నేను. పదిహేను రోజులుగా తెలిసి కూడా చెప్పనిది నేను."

గదంతా వదినా అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. డైరెక్టరు గుడ్లప్పగించి నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూశాడు. నేను సంచీ జిప్పు వేసేశాను. పెన్నుకి మూత పెట్టి కాంట్రాక్టరుకి ఇచ్చేశాను.

ఇలాంటివి సహజమేనన్నాడు డైరెక్టరు. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదని, మనమందరం కలిసి నేర్చుకున్న పాఠమని చెప్పాడు. ఎంత హాయైన మాటో చూడండి. తప్పు కేబుల్‌దనుకున్నప్పుడు అది మా ఆరుగురిదే. డ్రాయింగుదని తేలగానే అది అందరిదీ అయిపోయింది. తలుపు మీద కాగితం సంగతేమిటని అడిగాను. తీయించేస్తాం లెండి అన్నాడు. తీయడం కాదు సార్, తప్పు మాది కాదని అక్కడే రాసి పెట్టాలన్నాను. ఆయన వాచీ చూసుకున్నాడు.

నెలన్నర తర్వాత నడిమి వరుస పెట్టెలు వచ్చాయి. ఆ పాఠం నేర్చుకున్న అందరిలోనూ పదవి పోయింది మా మరిదికొక్కడికే. అద్దాల గది ఇంకొకరికిచ్చి, వీడికి ప్రింటరు పక్కన బల్ల వేశారు. ఆదివారాలు రాలేదు, నేను రమ్మనలేదు. మా ఆయన మాత్రం రెండుసార్లు క్యారియర్ కట్టించుకుని, ఎక్కడికో చెప్పకుండా వెళ్ళొచ్చాడు. నేనూ అడక్కుండానే కట్టాను.

కాంట్రాక్టరు మా ఇంటికి తేనె పూసిన మాటలతో వచ్చాడు. మీ జట్టయితేనే ఈ పని అవుతుందన్నాడు. వెళ్ళాం. తలుపు మీద కాగితం లేదు. నాలుగు మూలల్లో వంకర టేపు ముక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంకేమీ అంటించలేదు. నేను సంచీ దించి, వరండాలో నేల మీద కూర్చున్నాను. నా వెనకే పొడుగమ్మ, ఆవిడ వెనక మిగతా నలుగురు. అదే సైజు కాగితం, అదే ఎత్తులో అంటిస్తే గానీ గడప దాటేది లేదని చెప్పాను. కాంట్రాక్టరు బతిమాలాడు, చేతులు పిసుక్కున్నాడు, ఎవరెవరికో ఫోన్లు చేశాడు. దారిన పోయే వాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళారు. రెండు గంటలు అలాగే కూర్చున్నాం.

అప్పుడు ప్రింటరు వైపు నుంచి మా మరిది వచ్చాడు. చేతిలో తెల్లకాగితం, మార్కరు, టేపు, స్కేలు. నన్ను పలకరించలేదు. గోడకి ఆనించి పెద్ద అక్షరాలతో రాశాడు. ఈ గదిలో కేబుల్ జట్టు వేసిన 768 కేబుళ్ళలో ఒక్కటీ తప్పు లేదు. తప్పు డ్రాయింగులో ఉంది. డ్రాయింగు గీసింది నేను. కింద పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు. పాత టేపు ముక్కలు గోటితో గీకి తీసి, స్కేలు పెట్టి కొలిచి, తిన్నగా అంటించాడు. అప్పుడే డైరెక్టరు అటుగా వచ్చాడు. ఆగి చదివాడు. తన గదికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఎవరో పీకేశారు. పొద్దున్న మేం వచ్చేసరికి మళ్ళీ కొత్తది ఉంది.

పని మొదలుపెట్టాలంటే ముందు రెండు వరుసల మధ్య ఉన్న రెండువందల యాభై ఆరు కేబుళ్ళు విప్పాలి. తప్పు లేని కేబుళ్ళు. ట్యాగులు ఒక్కొక్కటీ కత్తిరిస్తుంటే నాకు మళ్ళీ కోపం ముంచుకొచ్చింది. వాటిని పారేయలేదు, ఒక డబ్బాలో దాచాను. వాటి స్థానంలో నడిమి వరుస మీదుగా ఐదువందల పన్నెండు వేయాలి. అద్దాల గదిలోకి కొత్తగా వచ్చిన హెడ్డు, టైము లేదు కాబట్టి వేశాక ఏవో నలభై ఏరి చూసుకుంటే చాలన్నాడు. అంటే మళ్ళీ లాటరీయే. నేను నోరు తెరిచేలోపే ప్రింటరు పక్క బల్ల నుంచి, అన్నీ చూడాల్సిందే అన్న మాట వినిపించింది.

మొదటి కేబులు వేసి ఈ చివర పట్టుకుని కూర్చున్నాను. ఆ చివర పొడుగమ్మ ఉండాలి. చట్రాల సందులోంచి చూస్తే పొడుగమ్మ మోకాళ్ళు కాదు, ప్యాంటు మోకాళ్ళు కనిపించాయి. ఆవిడ నా వెనక నిలబడి, నా నడుముకి ఈ పూట సెలవన్నావుగా అంది. నేనలా అనలేదు.

రెండుసార్లు లాగాను. అటు నుంచి సమాధానం లేదు. మళ్ళీ లాగాను, ఈసారి అవసరమైన దానికంటే గట్టిగానే.

"ఒకటి" అన్నాడు.

"పైకి చదవాలి. నాకు వినపడలేదు."

"ఒకటి, వదినా."

తర్వాత వాడు లాగాడు, నేను చదివాను. ట్యాగు పంపించి నా సంతకం పక్కన వాడి చేత పెట్టించాను. కోపం తగ్గిందనుకోకండి, తగ్గలేదు. రెండోది పలికించాం. ఇంకా ఐదువందల పది ఉన్నాయి. ఒక్కటి కూడా వదలనని వాడికీ తెలుసు.